తొక్కకుండానే పట్టిన బ్రేకు

రైలు పట్టాల కింది దారిలో బండి ఆగిపోతే మనిషి ఎటూ పోలేడు. వరంగల్ స్టేషను పక్కనున్న ఆ దారి అప్పట్లో ఎంత ఇరుకుగా ఉండేదంటే, మా పికప్ బండి దూరిందంటే అటో జానెడు ఇటో జానెడు మిగిలేది. ఒక ఎండాకాలం పొద్దున సరిగ్గా దాని నడిమధ్యలో నా బండి నిలబడిపోయింది. తలుపు తీద్దామంటే గోడ. వెనక్కి పోదామంటే వెనక జీపు, దాని వెనక రిక్షాలు. ముందుకు పోదామంటే చక్రాలు తిరగవు. బ్రేకు పట్టేసింది. నేను తొక్కలేదు. ఆ రోజుల్లో ఈ మాట ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. ఒక్కరూ నమ్మలేదు.

వెనక జీపు డ్రైవరు హారన్ మీద పెట్టిన చెయ్యి తీయడం లేదు. నెత్తి మీద గూడ్సు బండి పోతోంది. ఆ చప్పుడులో ఎవరు ఏమని తిడుతున్నారో వినబడలేదు, అదొక్కటే మేలు. నలుగురు కలిసి వెనక నుంచి తోశారు. బండి కదల్లేదు. గోడకీ బండికీ మధ్య సందులోంచి ఒకాయన తల దూర్చి, "బ్రేకు మీదికెల్లి కాలు తియ్యరాదు! ఏం డ్రైవరువయ్యా నువ్వు?" అన్నాడు. రెండు కాళ్లూ పైకెత్తి సీటు మీద మఠం వేసుకుని చూపించాను. "గట్ల కూసుంటే బండెట్ల పోతది మరి?" అని ఆయన నవ్వుకుంటూ పోయాడు.

అరగంట అలాగే కూర్చున్నాను. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఏడుపొచ్చింది, దాచేదేముంది. తర్వాత ఎవరూ ఏమీ చేయకుండానే బండి దానంతట అదే వదిలింది. గేరు వేస్తే కొత్త పెళ్లికొడుకు గుర్రంలా నడిచింది. అప్పటిదాకా తోసినవాళ్లు నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. వీడు కావాలనే ఆపాడన్నట్టు చూశారు.

నేను ఇల్లరికపు అల్లుణ్ణి. తెలిసినవాళ్లకి ఈ ఒక్క మాటతో సగం అర్థమైపోతుంది. మాది మరిపెడ దగ్గర ఒక పల్లె, నేత కుటుంబం. నాన్న తొందరగా పోయాడు, మగ్గం మూలన పడింది. నేను లారీల మీద క్లీనరుగా తిరిగి తిరిగి స్టీరింగు పట్టడం నేర్చుకున్నాను. మట్టెవాడలో జంపఖానాలు నేసే ఇంట్లో ఒక్కతే కూతురు. నేతవాళ్ల పిల్లవాడు, పైన అయ్య లేడు, చెప్పినట్టు పడి ఉంటాడని మా మామ నన్ను ఏరుకున్నాడు. డెబ్బైలు అయిపోయి ఎనభైలు వస్తున్న రోజులవి.

మామ చెయ్యి గురించి బజారంతా చెప్పుకునేవాళ్లు. నేలని ఒక్కసారి చూసి, నూలుదారంతో కొలిచి, ముడులు వేసుకుని పోయేవాడు. నెల తర్వాత ఆ గదికి అంగుళం తేడా లేకుండా జంపఖానా వచ్చేది. కాగితం మీద ఏదీ రాసేవాడు కాదు. ఎవరింటి కొలత దారం వాళ్ల పేరు చెప్పి ఒక మేకుకి వేలాడేసేవాడు. నేసిన బట్టని కత్తెరతో కోయడమంటే ఆయనకి పాపం చేసినట్టే. మూల దగ్గర స్తంభం అడ్డం వచ్చినా సరే, ఆ స్తంభానికి సందు మగ్గం మీదనే వదిలి నేసేవాడు.

నన్ను కూడా రెండు నెలలు మగ్గం మీద కూర్చోబెట్టాడు. నేను నేసిన గజం బట్టని వేలితో పొడిచి చూసి, "బియ్యం పోస్తే కారిపోతయ్" అన్నాడు. ఇంట్లో ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆ వారంలోనే ఒక గుత్తేదారు దగ్గర పాత పికప్ బండి కొన్నాడు. నూలు తేవడానికీ, నేసిన సరుకు మరిపెడ దాకా దుకాణాలకి వేయడానికీ. దాని తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది అదొక్కటే. పళ్లెం వాళ్లది, మంచం వాళ్లది, నేను తొడుక్కున్న చొక్కా వాళ్లు కొన్నది. తాళంచెవిని మొలతాడుకి కట్టుకుని తిరిగేవాణ్ణి. స్నానం చేసేటప్పుడు కూడా విప్పేవాణ్ణి కాదు. నా భార్య నవ్వేది. నవ్వనీ అనుకునేవాణ్ణి.

బండి తీసుకున్న రెండో ఏడు ఎండాకాలం ముందర, పెళ్లిళ్ల సరుకు ఎక్కువగా తిప్పాలని దానికి మరమ్మతు చేయించారు. నాలుగు చక్రాలకీ బ్రేకు షూలు, అంటే చక్రాన్ని లోపలి నుంచి ఒత్తి ఆపే రేకులు, కొత్తవి వేయించారు. మామకి ఇంకో ముచ్చట కూడా కలిగింది. జంపఖానాల ఇంటి బండిలో కాళ్ల కింద గోనెపట్టా ఏమిటని, క్యాబిన్ నేలకి సరిపోయేటట్టు తనే ఒక జంపఖానా నేస్తానన్నాడు. అప్పటికి ఆయన స్వయంగా నేయడం మానేసి రెండేళ్లయింది, నేసేవాళ్ల మీద అజమాయిషీ మాత్రమే. ఇంటి ముందు బండి నిలబెట్టించాడు. "నువ్వు రోజూ ఎట్ల కూసుంటవో గట్లనే కూసో" అని నన్ను సీట్లో కూర్చోబెట్టాడు. సగం ఒళ్లు లోపల, సగం ఒళ్లు బయట పెట్టి నా కాళ్ల దగ్గర వంగి, దారంతో కొలిచి ముడులు వేసుకున్నాడు.

ఆ జంపఖానా చూడాల్సిందే. ఎరుపు మీద నల్ల అంచు, అట్టలా దళసరి. నేలలోంచి పైకి లేచే క్లచ్చు, బ్రేకు పెడళ్ల కాడలకి సందులు వదిలి నేశాడు. సందులు ముందువైపు తెరిచి ఉంటాయి, వెనకవైపు మూసి ఉంటాయి. వెనక అంచు సీటు కింది పెట్టెకి ఆనుకుని అంగుళం అటూ ఇటూ జరగకుండా కూర్చుంది. వాడంతా వచ్చి చూసిపోయారు. మామ అరుగు మీద కూర్చుని ఎవరూ అడగకుండానే, "కత్తెర తగలలే" అని చెప్పుకున్నాడు. చెప్పులు విడిచి ఎక్కేవాణ్ణి నేను. అంత మంచి దాని మీద చెప్పుకాలు పెట్టడానికి మనసొప్పేది కాదు, ధైర్యమూ లేదు.

వారం తిరగక ముందే బ్రేకు పట్టేయడం మొదలైంది. ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు బాగానే ఉండేది. ఒక్కోసారి నాలుగైదు మైళ్లకి, ఒక్కోసారి ఇరవై మైళ్లకి బండి బరువెక్కేది, ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టుండేది. ఇంకాస్త పోతే చక్రాల దగ్గర కాలిన వాసన. తర్వాత నిలబడిపోయేది. అరగంట చల్లారితే మామూలే. కింది దారిలో జరిగింది ఐదోసారో ఆరోసారో. షూలు కొత్తవి వేసిన వారంలోనే మొదలైంది కాబట్టి అందరి అనుమానమూ షూల మీదే పోయింది. నా అనుమానం కూడా అంతే.

బండి పనులన్నీ చేసేది హన్మకొండ పోయే రోడ్డులో ఒక ముసలి మెకానిక్కు. అందరికీ ఆయన చాచా. బండి కింద పడుకుని చెవి పెట్టి విన్నాడంటే దవాఖానాలో డాక్టరు కూడా అంత ఓపికగా వినడు. ఆయన షెడ్డుకి పోగానే నేను మొదట చేసే పని జంపఖానా తీసి, దులిపి, మడతపెట్టి, ఎత్తుగా ఉన్న చెక్క మీద పెట్టడం. చాచా కూడా గ్రీజు కాళ్లతో దాన్ని తొక్కేవాడు కాదు. "అది తీసి పక్కకు పెట్టు బేటా, ముసలాయన చేతిపని. మరక పడితె నాకు నిద్రపట్టది" అనేవాడు. ఎప్పుడు పోయినా ఇదే మర్యాద.

ఆయన ఏదీ వదిలిపెట్టలేదు. చక్రాల డ్రమ్ములు విప్పి షూలు అరగదీశాడు. స్ప్రింగులు మార్చాడు. చక్రాల దగ్గర రబ్బరు గిన్నెలు ఉబ్బాయేమోనని కొత్తవి వేశాడు. రబ్బరు పైపు లోపల పూడుకుపోయిందేమోనని నోటితో ఊది చూశాడు. చివరికి పెడల్ కింద ఉండే మాస్టర్ సిలిండర్ విప్పి అరచేతిలో పెట్టుకుని నాకు పాఠం చెప్పాడు.

"ఈ సూది బెజ్జం చూసినవా? నువ్వు కాలు తీసినంక పెడల్ మొత్తం ఎనకకు వస్తెనే ఇది తెరుసుకుంటది. అప్పుడే పైపులల్ల ఉన్న ఆయిలు మళ్ల పైనున్న డబ్బలకు పోతది. ఇది మూసుకుంటె ఆయిలు అండ్లనే ఉండి, వేడికి ఉబ్బి, షూలను తోస్కుంటనే ఉంటది. తోస్తె ఇంక వేడి. వేడికి ఇంక ఉబ్బుడు. ఆఖరికి పట్టేస్తది."

"మరి మూసుకున్నదా చాచా?"

"లే. సాఫ్ ఉన్నది. చూడరాదు."

అంతా బిగించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తనే నడుపుతూ మడికొండ దాకా పోయి వచ్చాడు. జంపఖానా షెడ్డులో చెక్క మీదే ఉంది. బండి నీళ్ల మీద పడవలా పోయింది. డ్రమ్ము మీద చెయ్యి పెట్టి చూపించాడు, గోరువెచ్చగా కూడా లేదు. మూడుసార్లు అలాగే జరిగింది. మూడోసారి బండి దిగి, చేతులు తుడుచుకుంటూ, నన్ను నొప్పించకుండా చెప్పాలని చూసి చెప్పలేకపోయాడు.

"బేటా, బీమారి బండిల లేదు. నీ కాలుల ఉన్నది. నువ్వు పోతాన్నంతసేపు ఎరుక లేకుంటనే బ్రేకు మీద కాలు ఆనిస్తానవ్. ఇంట్ల ఫికర్ ఉన్నోళ్లు గట్లనే చేస్తరు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మంచి మనసుతో అన్నాడని తెలుసు, అందుకే ఇంకా మండింది. జంపఖానా మళ్లీ జాగ్రత్తగా పరిచి, సందుల్లో పెడళ్లు సర్దుకుని, ఇంటికి తోలుకొచ్చాను. దారిలో నా కుడికాలిని నేనే దొంగని చూసినట్టు చూసుకున్నాను. నిజంగానే ఆనిస్తున్నానా? కాలు ఎత్తి గాలిలో పెట్టుకుని నడిపితే పిక్కలు పట్టేశాయి. అలా నడిపినా పోచమ్మ మైదానం దగ్గర బండి బరువెక్కింది.

ఎవరు మోశారో, చాచా మాట నా కన్నా ముందే ఇంటికి చేరింది. మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అరవలేదు. ఆయన అరిచే మనిషి కాదు, అరిస్తే బాగుండేది.

"మగ్గం రాదంటివి, బండి ఇస్తిని. బండి కూడ రాకపోతె ఇంకేమున్నది నా కాడ?" అన్నాడు. తర్వాత, "ఇంకొక్కసారి ఆగితె తాళంచెయ్యి మా తమ్ముని కొడుక్కు ఇస్త. నువ్వు రంగు బాయిల కాడ నూలు ముంచుదువు గని" అన్నాడు.

లోపల గడప దగ్గర నా భార్య నిలబడి ఉంది. ఆమె నా తరఫున ఒక్క మాట అనలేదు. అనలేదని అప్పుడు కోపం వచ్చింది. ఎలా అంటుంది, తండ్రి ముందు? ఆమె పరిస్థితి నా కన్నా ఇరుకని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ రోజు సగం అన్నం పళ్లెంలోనే వదిలేశాను. తాళంచెవి పోతే ఆ ఇంట్లో నేను అన్నం తినే నోరు మాత్రమే. పెళ్లయిపోయిన మా అక్క ఇంటికి పోదామా అంటే ముఖం చెల్లదు. ఇక్కడ ఉందామా అంటే ఊపిరాడదు.

మూడో రోజు మరిపెడకి సరుకు వేయాలి. తెల్లారి బండి స్టార్టు చేస్తుంటే మామ కండువా వేసుకుని వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. చెప్పులు చేతిలో పట్టుకున్నాడు, తన జంపఖానా మీద తను కూడా చెప్పుకాలు పెట్టడు. "నేను కూడ అత్తాన. జర నీ కాలు సంగతి చూస్త" అన్నాడు.

చూస్తానంటే మాటకి అన్నాడనుకున్నాను. నిజంగానే చూశాడు. మట్టెవాడ దాటింది మొదలు ఆయన రోడ్డు చూడలేదు, పొలాలు చూడలేదు, నా కుడికాలినే చూస్తూ కూర్చున్నాడు. మీకెవరికైనా మామ కూర్చుని ఒకే ఒక కాలిని చూస్తుంటే దానితో పని చేయడం ఎలా ఉంటుందో తెలుసా? నాకు ఆ కాలు నాది కానట్టే ఉంది. గేదె అడ్డం వస్తే బ్రేకు తొక్కాలా వద్దా అని ఆలోచించాను. తొక్కాను, వెంటనే కాలు తీసి చూపించాను. ఆయన తలూపలేదు, కాదనలేదు. క్యాబిన్‌లో ఇద్దరమే, అద్దాలు దించినా గాలి లేదు.

వర్ధన్నపేట దాటాక బండి బరువెక్కింది. నాలుగో గేరు లాగలేదు, మూడుకి దించాను, రెండుకి దించాను. వాసన వచ్చింది. ఒక చిన్న దిగుడు దగ్గర, చెట్లున్న చోట నిలబడిపోయింది. నేను చేతులు స్టీరింగు మీదే ఉంచి, ఆయన ఏమంటాడా అని అటు చూడకుండా కూర్చున్నాను.

ఆయనే అన్నాడు, "తొక్కలే. నేను చూసిన. నీ కాలు దాని మీద లేకుండె."

అంతే. ఆ ఒక్క మాట కోసం ఎన్ని రోజులు ఎదురుచూశానో. నాకు ఏడుపొచ్చింది, ఈసారి వేరే రకం ఏడుపు. దిగి, క్యానులో నీళ్లు డ్రమ్ముల మీద పోస్తే బుస్సుమని ఆవిరి లేచింది. మామ దిగి చింతచెట్టు కింద నిలబడ్డాడు. కింద అంతా ముళ్లూ రాళ్లూ. పెద్దమనిషి, ఎంతసేపు నిలబడతాడు? "కూసోండ్రి మామా, పరుస్త" అని క్యాబిన్ తలుపు దగ్గరికి పోయి, వంగి, జంపఖానా వెనక అంచు పైకెత్తి బయటికి లాగాను.

టక్కుమంది.

బ్రేకు పెడల్ నా కళ్ల ముందే రెండు వేళ్ల మందం వెనక్కి వచ్చింది. కింద ఎక్కడో ఆయిలు గుటకేసినట్టు చప్పుడైంది. బండి మెల్లగా దిగుడులోకి కదిలింది. హ్యాండ్ బ్రేకు ఎప్పటి నుంచో పనిచేయదు. నేను సగం లోపల సగం బయట ఉన్నాను, కాలు అందదు, అరచేత్తోనే పెడల్ నొక్కి పట్టి ఆపాను. ఇంకో చేత్తో గేరులో వేసి, చక్రం కింద రాయి పెట్టి, చెట్టు కిందికి పోయి మామకి జంపఖానా పరిచి వచ్చాను.

మళ్లీ క్యాబిన్ దగ్గరికి పోయి పెడల్‌ని చూస్తూ నిలబడ్డాను. చాచా అరచేతిలోని సూది బెజ్జం గుర్తొచ్చింది. పెడల్ మొత్తం వెనక్కి వస్తేనే అది తెరుచుకుంటుంది. జంపఖానా సందు వెనక అంచు రెండు వేళ్ల ముందే పెడల్ కాడని ఆపేస్తోంది. ఎంత గట్టి నేత, స్ప్రింగు లాగినా వంగలేదు. ఇన్నాళ్లూ బెజ్జం మూసుకునే ఉంది. చాచా షెడ్డుకి పోగానే నేనే దాన్ని తీసి చెక్క మీద పెట్టేవాణ్ణి, షెడ్డు సుత్తుల మోతలో ఈ టక్కు వినబడేది కాదు, అది తీశాక బండికి ఏ రోగమూ ఉండేది కాదు. మేమిద్దరం మర్యాదకి పోయి మూడుసార్లు రోగాన్ని మడతపెట్టి పక్కన పెట్టుకుని రోగిని చూశాం.

ఇక్కడ నేను ఆగాల్సింది. ఇంటికి పోయాక మెల్లగా ఏదో ఒకటి చెప్పి, మురికవుతుందనో చిరుగుతుందనో దాన్ని లోపల దాచిపెట్టించి ఉండొచ్చు. ఆయన అప్పటికే నా తప్పు లేదన్నాడు. కానీ నెలన్నర నుంచి మింగుతున్నదంతా ఒక్కసారి పైకొచ్చింది. చెట్టు దాకా పరిగెత్తినంత పనిచేసి, "మామా, దొరికింది! మీ జంపఖానానే! మీ కొలతే తప్పింది!" అని అరిచాను. అలా అరిచినప్పుడు నా గొంతులో ఉన్నది సంతోషం ఒక్కటే కాదు. నేను నేసిన బట్టలోంచి బియ్యం కారిపోతాయన్న మాటకి అది జవాబు.

ఆయన లేచి వచ్చాడు. చూపించమన్నాడు. పరిచి చూపించాను, తీసి చూపించాను. మళ్లీ చూపించమన్నాడు. మూడోసారి సందు అంచుని వేళ్లతో తడిమాడు. అక్కడ పెడల్ కాడ రాసుకుని నూలు నల్లగా, నున్నగా అయిపోయింది. ఆ మరకని బొటనవేలితో రుద్దాడు. జంపఖానా మడిచి ఒళ్లో పెట్టుకుని మరిపెడ దాకా, అక్కడి నుంచి మళ్లీ ఇంటి దాకా కూర్చున్నాడు. ఆ రోజు బండి ఎక్కడా ఆగలేదు.

ఇంటికి రాగానే అందరినీ అరుగు దగ్గరికి పిలిచాడు. తమ్ముణ్ణి, తమ్ముడి కొడుకుని, నేసేవాళ్లని. "అల్లుని తప్పు లేదు. నా కొలత తప్పింది. బండి ఆయననే నడుపుతడు" అన్నాడు. ఆ ఇంట్లో ఎవరూ ఆయన నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు. తమ్ముడు నేల చూశాడు. నా భార్య మొదట నన్ను చూసి నవ్వింది, తర్వాత తండ్రిని చూసింది, ఆ నవ్వు ఎటో పోయింది. నాకు మాత్రం ఛాతీ గజం వెడల్పయింది. ఆ రోజు రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

నాలుగు రోజులు పోయాయి. మధ్యాహ్నం బండి ఇంటి ముందు నిలబెట్టి చక్రాల కింద రాళ్లు పెట్టి అరుగు మీద కూర్చున్నాను. మామ మేకు మీది పాత దారం పట్టుకుని వచ్చాడు. బండి కోసం కొలిచిన దారమే. తలుపు తీసి, లోపలికి వంగి, ముడి ముడికీ మళ్లీ సరిచూశాడు. చాలాసేపు చూశాడు. నేను లేచి ఆయన వెనక నిలబడ్డాను.

"అన్ని ముడులు సరిగ్గనే ఉన్నయ్" అన్నాడు. "పొడువు సరిపోయింది, అడ్డం సరిపోయింది. క్లచ్చుది సరిపోయింది. గీ బ్రేకుది ఒక్కటే రెండు వేళ్ల మందం ముందల ఉన్నది. గిదొక్కటే ఎట్ల తప్పిందిరా?"

సీటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీ సీటు చూడగానే నాకు తెలిసిపోయింది. మొదటిసారి కొలిచిన రోజు నేను ఆ సీట్లో కూర్చుని ఉన్నాను. హ్యాండ్ బ్రేకు పనిచేయదు, ఆ రోజు చక్రాల కింద రాళ్లు పెట్టలేదు. ఇంటి ముందు నేల వాలుగా ఉంటుంది. ఆయన సగం ఒళ్లు బయట పెట్టి వంగి ఉన్నాడు, బండి కదిలితే చక్రం కిందికి పోతాడని భయపడి, ఆయన కొలిచినంతసేపూ నేను బ్రేకు తొక్కి పట్టుకున్నాను. బండి సంగతి తెలియని మనిషి, తొక్కితే ముందుకి జరిగి ఉన్న పెడల్‌ని చూసి అదే దాని చోటనుకున్నాడు. అక్కడికే ముడి వేశాడు. ఆయన చెయ్యి నూలుపోగంత కూడా తప్పలేదు. చాచా చెప్పింది నిజం. బీమారి నా కాలులోనే ఉంది.

నోరు తెరిచాను. "మామా, ఆ రోజు నేను" అని మొదలుపెట్టాలి, అంతే. ఆ మాట గొంతు దాకా వచ్చింది. దానితోపాటే అరుగు, తమ్ముడు, తమ్ముడి కొడుకు, నూలు ముంచే రంగు బావి, చూశారా ఆఖరికి కాలే గదా అని వాడంతా నవ్వే నవ్వు కూడా వచ్చాయి. నెలన్నర ఆ ఇరుకులో కూర్చుని ఇప్పుడే బయటపడ్డవాణ్ణి. మళ్లీ దాంట్లోకి పోవడానికి నా కాళ్లు రాలేదు.

ఆయన దారం చుట్టుకుంటూ, నా వైపు చూడకుండా అడిగాడు. "వయసైపోయింది గదరా నాకు?"

"అందరికీ అయ్యేదే మామా" అన్నాను.

తలూపాడు. నాకు ఇంకో మాట అనడానికి సమయం ఇచ్చినట్టే కాసేపు అక్కడే నిలబడ్డాడు. నేను అనలేదు. లోపలికి పోయాడు. మర్నాడు తన మగ్గం విప్పించి తమ్ముడికి ఇచ్చేశాడు. మేకు మీది దారాలన్నీ తీసి పొయ్యిలో పెట్టమన్నాడట, నా భార్య చెప్పింది. ఆమెకి కూడా నేను నిజం చెప్పలేదు. ఎన్నోసార్లు చెబుదామనుకున్నాను. ఒక నెల ఆలస్యమైతే ఇంకో నెల ఆలస్యం తేలికైపోయింది.

బండి నాకు చాలా ఏళ్లు మిగిలింది. దాన్ని అమ్మేసి పెద్దది కొన్నాం, అది కూడా నేనే నడిపాను. ఆ ఇంట్లో నా మాటకి విలువ వచ్చింది. కానీ క్యాబిన్‌లో కూర్చుని తలుపు వేసుకుంటే చాలు, ఆ రైలు పట్టాల కింది గోడలు రెండు వైపులా వచ్చి నిలబడినట్టే ఉండేది. రోడ్డు ఎంత వెడల్పుగా ఉన్నా అంతే.

మామ ఇంకా పదేళ్లకి పైగా బతికాడు. ఆ తర్వాత ఆయన దేన్నీ కొలవలేదు. కొత్త మంచానికి నవారు కావాలన్నా, పెళ్లి పందిరికి గుంజలు పాతాలన్నా, ఎవరైనా వచ్చి గదికి జంపఖానా కావాలని అడిగినా, నన్ను కేకేసి దారం చేతికిచ్చేవాడు. "నా చెయ్యి నాకే నమ్మకం లేదు. నువ్వు కొలువు బిడ్డా, నీకు కన్ను మంచిగున్నది" అనేవాడు. నేను కొలిచేవాణ్ణి. ఆయన పక్కన నిలబడేవాడు. నేను కొలిచి చెప్పిందాన్ని ఒక్కసారి కూడా ఆయన తిరిగి కొలిచి చూడలేదు.